తోక బస్సు

మారేడ్‌పల్లిలో ఆ బస్సును ఎవరూ నంబరుతో పిలిచేవాళ్లు కాదు. తెలుగు వాళ్లు తోక బస్సు అనేవాళ్లు. ఉర్దూ వాళ్లు దుమ్‌వాలీ అనేవాళ్లు. దానికీ అర్థం అదే. దాన్ని తయారుచేసిన మా చిన్నబాపు మౌలా అలీకి ఈ రెండు పేర్లూ నచ్చేవి కావు. జోడు బస్సు అనాలని అందరికీ చెప్పి చూశాడు, ఎవరూ వినలేదు. ఆయన ఇంట్లో లేనప్పుడు చిన్నమ్మా నేనూ కూడా తోక బస్సనే అనేవాళ్లం.

చిన్నబాపు సికింద్రాబాదు బస్సు డిపోలో బాడీ మేస్త్రీ. ఇంజను, చక్రాలు, కింది ఇనప చట్రం సీమ నుంచి ఓడలో వచ్చేవి. మనుషులు కూర్చునే పైభాగమంతా ఇక్కడే టేకు చెక్కతో, రేకుతో కట్టేవాళ్లు. పోలీసు యాక్షన్‌కు ముందటి ఏడాది బయటి నుంచి సామాను రావడం ఆగిపోయింది. టైర్లు లేవు, ఇంజను లోపలి ముక్కలు లేవు. ఒక్కో బస్సే చెడిపోయి డిపో వెనక జాగాలో నిలబడిపోయింది. యాక్షన్ అయిపోయాక కూడా సామాను వెంటనే రాలేదు. జనం మాత్రం పెరిగారు. జిల్లాల నుంచి భయంతో వచ్చినవాళ్లు, పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, దండుకు కొత్తగా వచ్చిన సిపాయిల ఇళ్లవాళ్లు, అందరూ మిగిలిన కొద్ది బస్సుల మీదే పడ్డారు.

భయంతో వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. మా ఊళ్లో మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. పక్క తాలూకాలో ముసల్మానుల ఇళ్లకు జరిగినది విని మా బాపు నన్ను తన తమ్ముడి ఇంటికి పంపాడు. "కొన్నొద్దులు పట్నంల ఉండు బానో. బడి యాడికి పోదు" అన్నాడు. బడి మాత్రం అక్కడితో అయిపోయింది. పట్నంలో నేను ఇంటిపని చేసేదాన్ని, ఖాళీ దొరికితే డైరీ రాసుకునేదాన్ని. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగిలేది కాదు. మా ఊరి బడిలో పంతులు పేరు పిలిచినప్పుడు హాజరు చెప్పడానికి కూడా పక్కపిల్ల నన్ను గిల్లాల్సి వచ్చేది.

ఇంజను పోయిన బస్సుల పైభాగం బాగానే ఉంది కదా, దాన్ని నడిచే బస్సుకు వెనక తగిలిస్తే ఎలా ఉంటుందని ముందు ఎవరికి తోచిందో చిన్నబాపు ఒక్కోసారి ఒక్కో రకంగా చెప్పేవాడు. అలసిపోయి వచ్చిన రోజు అది ఇంజనీరు ఆలోచన. కడుపునిండా తిన్న రోజు అది తన ఆలోచన. ఎవరిదైనా, ఒక చచ్చిన ఆల్బియన్ కంపెనీ బస్సు ముందు భాగం కోసేసి, ముందు చక్రాలు తీసేసి, మిగిలినదాన్ని ఇంకో ఆల్బియన్ వెనక ఆనించారు. రెండింటినీ కలిపే కొక్కెం తిరుమలగిరి దండులో పాడుబడ్డ మిలిటరీ ట్రైలర్‌ది. రెండు బస్సుల మధ్య మనిషి నడిచే దారి వదిలారు. ఆ దారికి చుట్టూ గోడ కావాలి, కానీ మలుపులో వంగాలి. చెక్క వంగదు, రేకు వంగదు. చివరికి చినిగిన మిలిటరీ గుడారాలు తెచ్చి హార్మోనియం తిత్తిలాగా మడతలు మడతలుగా కుట్టాలనుకున్నారు. కుట్టింది మా హజీరా చిన్నమ్మ.

గుడారం గుడ్డ మా గదిని పూర్తిగా ఆక్రమించింది. దాని మీదే కూర్చునేవాళ్లం, దాని మీదే తినేవాళ్లం. దబ్బనం గుచ్చుకుని చిన్నమ్మ వేళ్లన్నీ పుండ్లు పడ్డాయి. "బస్సుకు లాగు కుట్టిస్తున్నవు గదయ్యా. రేపు కమీజు సుత కుట్టమంటవా?" అనేది. "లాగు గాదే, మెడకు గల్లా" అని చిన్నబాపు గంభీరంగా చెప్పేవాడు.

బస్సు స్టేషను నుంచి మారేడ్‌పల్లి మీదుగా నేరేడ్‌మెట్‌కు నడిచింది. ముందు బస్సు మగవాళ్లకు, తోక మొత్తం జనానాకు. అంతకుముందు ఆడవాళ్లకు పరదా కట్టిన రెండు బల్లలే దొరికేవి. ఇప్పుడు తమకంటూ ఒక గది, వెనక తమకంటూ ఒక తలుపు ఉండేసరికి, ఎప్పుడూ బస్సెక్కని వాళ్లు కూడా ఎక్కడం మొదలుపెట్టారు. మలుపు వచ్చిందంటే ముందు బస్సు ఒక వీధిలో, తోక ఇంకో వీధిలో ఉండేది. పిల్లలు తిత్తి దగ్గర నిలబడి మడతలు ముడుచుకోవడం, విప్పుకోవడం చూసేవాళ్లు.

ఇబ్బంది వచ్చింది గంట దగ్గర. తోకలోంచి డ్రైవరు తల మీది గంటకు ఒక తాడు కట్టారు. బస్సు తిన్నగా పోతున్నంతసేపు బాగానే ఉండేది. మలుపు తిరిగితే తాడు బిగుసుకుని గంట దానంతటదే మోగేది. డ్రైవరు షంషీర్ మలుపు మధ్యలో బ్రేకు వేసేవాడు. తోకలో ఆడవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడేవాళ్లు. తాడును వదులుగా కడితే లాగినా మోగేది కాదు. నాలుగు రోజులు చూసి తాడు తీసేశారు. తర్వాత అంతా నోటిమాటే. కండక్టరు యేసుదాసు "రైట్" అంటే పోవాలి, "హోల్డాన్" అంటే ఆపాలి.

కానీ యేసుదాసు ఒక్కడు, బస్సులు రెండు. అతను ముందు బస్సులో మగవాళ్ల తోపులాటలో ఇరుక్కున్నప్పుడో, గంపలు ఎత్తడానికి కప్పు మీదికి ఎక్కినప్పుడో, తోకలో అందరూ ఎక్కారని డ్రైవరుకు చెప్పేవాళ్లు ఉండేవాళ్లు కాదు. పరదా ఆడవాళ్లు పరాయి మగవాణ్ణి పిలిచి మాట్లాడరు కదా. అందుకని మా గల్లీలో ఉండే ఖుర్షీదా బేగం ఒక పద్ధతి పెట్టింది. తలుపు పడ్డాక, ఎవరితోనూ కానట్టు, గాలిలోకి "ఆగే" అనేది. ఉర్దూలో ఆగే అంటే ముందుకు. తిత్తి అవతల షంషీర్ అది విని బండి కదిలించేవాడు. ఆవిడ లేని రోజు ఇంకో పెద్దావిడ అనేది. ఇది ఎవరూ రాసిన నియమం కాదు, కానీ అందరికీ అలవాటైపోయింది.

మా చిన్నమ్మకు ఆ అలవాటు తెలియదు. ఆమె బస్సెక్కేదే తక్కువ. దానికి తోడు ఆమెకు ఉర్దూ రాదు.

ఈ మాట గల్లీలో ఎవరికీ తెలియకుండా చిన్నమ్మ చాలా ఏళ్లు నెట్టుకొచ్చింది. మా ఇళ్లల్లో నమాజు అరబీలో, మిగతాదంతా తెలుగులో. ఊళ్లో అది ఎవరికీ వింత కాదు. పట్నంలో మాత్రం ఉర్దూ రాని ముసల్మాను అంటే నవ్వేవాళ్లు ఉన్నారు. అందుకని చిన్నమ్మ "హౌ", "జీ", "అచ్ఛా" అనే మూడు మాటలతో, నవ్వుతో, తల ఊపడంతో నడిపించేది. ఒకసారి ఖుర్షీదా బేగం కళ్లనీళ్లతో వచ్చి తన మేక చచ్చిపోయిందని చెబితే చిన్నమ్మ నిండుగా నవ్వి "అచ్ఛా, అచ్ఛా" అంది. ఆవిడ కొన్నాళ్లు మా గుమ్మం తొక్కలేదు. నాకు మా పంతులు ఉర్దూ అక్షరాలు నేర్పాడు, మాట్లాడటం నేర్పలేదు. పట్నానికి వచ్చాక గల్లీలో వినీ వినీ అర్థం చేసుకోవడం వచ్చింది. మాట్లాడటం ఏ భాషలోనూ నాకు కష్టమే.

చిన్నమ్మ మనసువిప్పి మాట్లాడేది రోసమ్మతోనే. రోసమ్మ గల్లీ చివరి ఇంట్లో ఉండేది, దవాఖానాలో ఆయా. ఇద్దరూ ఒకరినొకరు ఏమే, ఒసే అనుకునేవాళ్లు. రోసమ్మ చెల్లెలికి నేరేడ్‌మెట్‌లో కొడుకు పుడితే చూసి రావడానికి ముగ్గురం తోక బస్సెక్కాం. చిన్నమ్మ పట్నం పద్ధతి ప్రకారం బురఖా వేసుకుంది. రోసమ్మ చేతిలో టిఫిను డబ్బా ఉంది. దారి పొడుగునా ఇద్దరూ తిత్తి కుట్టు గురించే మాట్లాడుకున్నారు.

"గిది నువ్వే కుట్టినవా? గీడ కుట్టు వంకరున్నదే."

"వంకరున్నది నీ కన్ను."

నేరేడ్‌మెట్‌లో మొదటి స్టాపు దగ్గర బస్సు ఆగింది. యేసుదాసు కూరగాయల గంపలు దించడానికి కప్పు మీదికి ఎక్కాడు. రోసమ్మ అందరికంటే ముందు లేచి వెనక తలుపు దగ్గరికి వెళ్లి, మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టింది. ఆమె కొంగు తలుపు గడియకు చిక్కుకుంది. ఆమె చూసుకోలేదు. చిన్నమ్మ చూసింది.

"ఆగే! ఆగే!" అని అరిచింది.

బస్సు కదిలింది.

రోసమ్మను కొంగు లాక్కుపోయింది. ఆమె పడింది, కొంగు చినిగింది, వెనక చక్రం పక్కనుంచి పోయింది. కప్పు మీద నుంచి యేసుదాసు కాళ్లతో రేకును తన్నుతూ "హోల్డాన్ హోల్డాన్" అని కేకలు పెట్టాడు. బస్సు ఆగింది. రోసమ్మ కాలు మోకాలి కింద విరిగింది.

షంషీర్ పరుగెత్తుకొచ్చాడు. అతనూ యేసుదాసూ రోసమ్మను ఎత్తి ముందు బస్సులో పడుకోబెట్టారు. మగవాళ్లను దింపేసి షంషీర్ అదే బస్సును దవాఖానాకు తోలాడు. కానీ అంతలోనే గుంపు చేరింది. ఆడవాళ్లను ఏమైందని అడిగితే, ఆగమని అరిచినా తోలాడని చెప్పారు. అది నిజమే. ఆ రోజు తోకలో ఉన్నవాళ్లంతా తెలుగు వాళ్లే, అందరూ చిన్నమ్మ ఆగమని అరవడం విన్నారు. నేనూ విన్నాను.

"ఆడోళ్లు ఆగు ఆగు అని మొత్తుకుంటుంటే తోలుతడా?" అన్నాడొకడు.

"వాడెవడో ఎర్కలేదా? రజాకార్లను బస్సుల తిప్పినోడు. తెలుగోళ్ల పానమంటే వానికి లెక్కనా?" అన్నాడు ఇంకొకడు.

షంషీర్ యాక్షన్‌కు ముందు ఒకసారి రజాకార్ల బస్సు తోలిన మాట నిజం. డిపోలో ఆ రోజు డ్యూటీ అతనికి పడింది, వెళ్లాడు. డ్యూటీ ఇంకెవరికి పడితే వాళ్లు వెళ్లేవాళ్లు. కానీ ఆ ఏడాది ఇలాంటి మాట ఒకటి అంటుకుంటే వదిలేది కాదు. అంతకంటే చిన్న మాటలకే ఉద్యోగాలు పోయినవాళ్లు మా గల్లీలోనే ఉన్నారు. షంషీర్‌ను డ్యూటీ నుంచి తీసేశారు. విచారణ జరుగుతుందని, కావాలని తోలాడని తేలితే ఉద్యోగం పోవడమే కాక పోలీసులకు అప్పగిస్తారని చిన్నబాపు చెప్పాడు.

డిపో మున్షీ మా గల్లీకి వచ్చి గుమ్మం బయట నిలబడి చిన్నమ్మను అడిగాడు. చిన్నమ్మ తలుపు వెనక నుంచి, "ఆగమన్న. వినలే" అంది. అతను దాన్ని ఉర్దూలో రాసుకున్నాడు. రోక్‌నే కో కహా. ఆపమని చెప్పింది.

మర్నాడు సాయంత్రం షంషీర్ మా ఇంటికి వచ్చాడు. చిన్నబాపు అతన్ని అరుగు మీద కూర్చోబెట్టాడు. చిన్నమ్మ వీధిలో నీళ్లకు వెళ్లింది. నేను లోపల చాయ్ పెడుతున్నాను.

"మేస్త్రీ, నేన్ జూట్ చెప్తలేను," అన్నాడు షంషీర్. అతని తెలుగు కూరగాయల బజారులో నేర్చుకున్నది. కొంచెం దూరం పోయాక ఉర్దూలోకి దిగిపోయాడు. "అందర్ సే ఆగే బోలే. దో బార్ బోలే. మై ఆగే గయా." లోపలి నుంచి ఆగే అన్నారు, రెండుసార్లు అన్నారు, నేను ముందుకు పోయాను.

"ఎవరన్నరు?"

"ఆడమనిషి గొంతు. రోజూ అంటరు గద. నేన్ ఎన్కకు తిరిగి సూస్తనా? జనానా అది."

"మా ఇంటామె ఆడనే ఉండె. ఆగమన్ననంటది."

"ఔర్ మై జూటా?"

"నువ్వు జూటా అనలే. ఆమె సుత జూటా కాదు. ఇగ ఇద్దరిట్ల ఎవరికో ఒకరికి చెవుడుండాలె," అన్నాడు చిన్నబాపు. షంషీర్ నవ్వలేదు. తన ఇంట్లో తినేవాళ్లు ఎందరో, ఇంకో డిపోలో అడిగితే ఏమన్నారో చెప్పాడు. పరాయి మగవాడి గొంతు అలా వణకడం నేను అంతకుముందు వినలేదు.

నా చేతిలో చాయ్ గిన్నె ఉంది. అది దించడం మరిచిపోయాను. చాయ్ పొంగి పొయ్యిలో పడింది. ఆగే. చిన్నమ్మ రోసమ్మతో ఆగవే అనే అర్థంలో అన్నది ఆగే. షంషీర్ విన్నదీ ఆగే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. బయటికి వెళ్లి ఆ మాట చెప్పాలనిపించింది. పరదా దాకా వెళ్లాను. షంషీర్ చెప్పులు కనబడ్డాయి. మళ్లీ వెనక్కి వచ్చాను.

చిన్నమ్మ బిందెతో వచ్చాక ఆమెకు చెప్పాను.

"చిన్నమ్మా, నువ్వు ఆగే అన్నవు గద. ఉర్దూల ఆగే అంటే ముందటికి పో అని."

ఆమె బిందె దించి నావైపు చూసింది. "నేను రోసిని ఆగుమన్న. బస్సుతోని నాకేం పని?"

"ఆయనకు ఎట్ల తెలుస్తది? జనానాల నుంచి ఆగే అని వినొచ్చింది, ఉర్దూ అనుకున్నడు."

చిన్నమ్మ బిందె మీద మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"అంటే రోసి కాలు నేను ఇరగ్గొట్టిన్నా?"

"అట్ల కాదు..."

"అట్లనే. రేపు కచేరిల చెప్తే గల్లీ గల్లీ ఏమంటది? హజీరాకు ఆగే అంటే తెల్వదు, ఇన్నేండ్ల సంది హౌ హౌ అని తలకాయ ఊపింది అంటది. ఆ ఖుర్షీదా నన్ను బతకనిస్తదా? నువ్వు నోరు మూసుకో బానో. నోరు మూసుకునుడు నీకు బాగొస్తది గద. మీ చిన్నబాపుకు చెప్తే నీతోని మాట్లాడ."

నేను నోరు మూసుకున్నాను. విచారణ శనివారం. ఆ మధ్య రోజుల్లో నేను వండిన కూరల్లో ఉప్పు ఎక్కువైంది, ఒకసారి అసలు వేయలేదు. చిన్నమ్మ తిట్టలేదు. దాంతో ఆమె కూడా అదే ఆలోచిస్తోందని నాకు తెలిసింది.

శుక్రవారం రోసమ్మను చూడటానికి దవాఖానాకు వెళ్లాం. కాలికి సిమెంటు కట్టు కట్టి పైకి కట్టేశారు. తను రోజూ పని చేసే వార్డులోనే పడుకుని ఉంది. తోటి ఆయాలందరికీ పనులు చెబుతోంది.

చిన్నమ్మ ఆమె మంచం మీద కూర్చుని దుప్పటి సరిచేసింది. చివరికి అడిగింది.

"ఒసే, ఆ దినం నేను ఏమని ఒర్లిన?"

"ఆగే అని ఒర్లినవు. నేను ఆగితి గద. గా బస్సే ఆగకపాయె."

"మరి నేనే..." అని మొదలుపెట్టి చిన్నమ్మ ఆపేసింది. తర్వాత అంతా చెప్పేసింది, షంషీర్ చెప్పినది, నేను చెప్పినది. రోసమ్మ కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. అంతా విన్నాక నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే కాలు నొప్పి, నొప్పికి అరుపు, అరుపు మధ్య మళ్లీ నవ్వు.

"ఓరి దేవుడా! నువ్వు ఉర్దూల బస్సు తోలినవానే హజీరా?"

"నవ్వకే. ఆయన నౌకరి పోతది."

రోసమ్మ నవ్వు ఆపింది. "దవాఖానకు నన్ను చేతుల మీద మోసుకొచ్చింది గాయనే. దారి పొడుగూత అమ్మా అమ్మా అని ఒకటే తీరు. చెప్పవే. నీకు ఉర్దూ రాకుంటే ఏమైంది? నాకు ఇంగ్లీషు రాదు, గీ నర్సమ్మలు నన్ను ఎల్లగొట్టిన్రా?"

చిన్నమ్మ దుప్పటి ఇంకోసారి సరిచేసింది.

విచారణ డిపోలో ఒక పొడుగు గదిలో జరిగింది. ఆఫీసరు బెజవాడ వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. ఆయనకు ఉర్దూ రాదు. మున్షీకి రాసేటంత తెలుగు రాదు. అందుకని ఎవరు ఏం చెప్పినా మున్షీ ఉర్దూలో రాసుకుని, ఆయనకు తన తెలుగులో చెప్పేవాడు. ఒక మూల బల్ల మీద చిన్నమ్మా నేనూ కూర్చున్నాం. షంషీర్ గోడ దగ్గర నిలబడ్డాడు. యేసుదాసు తను కప్పు మీద ఉన్నానని, రైట్ చెప్పలేదని చెప్పాడు. షంషీర్ ఉర్దూలో చెప్పినదాన్ని, లోపలి నుంచి ముందుకు పొమ్మన్నారట అని మున్షీ తెలుగు చేశాడు. ఆ రోజు బస్సులో ఉన్న ఇద్దరు ఆడవాళ్ల మాటలు మున్షీ చదివాడు. తర్వాత చిన్నమ్మది చదివాడు. రోక్‌నే కో కహా.

"ఆపమని చెప్పారు సాబ్. ముగ్గురూ గదే చెప్పిన్రు," అన్నాడు మున్షీ.

"ఆగమని చెప్పారు, ఇతను ఆగలేదు. అంతే కదండీ?" అన్నాడు ఆఫీసరు. కలం తీశాడు.

చిన్నమ్మ ముఖానికి ముసుగు ఉంది. ఆమె ఏం చేస్తుందో నాకు కనబడలేదు. ఆమె చేయి మాత్రం నా మోచేతిని పట్టుకుని ఉంది. షంషీర్ తల వంచుకుని ఉన్నాడు. కలం కాగితం మీద ఆనింది.

"ఆ మాట కాదు," అన్నాను.

ఎవరూ వినలేదనుకున్నాను. ఆఫీసరు తలెత్తాడు.

"ఏమన్నావమ్మా?"

నేల చూస్తూ చెప్పాను. "అన్నది ఆ మాట కాదు. ఆయన రాసింది అర్థం. మాట వేరే."

"ఏం మాట?"

నా నోట అది రాలేదు. చిన్నమ్మ చేయి నా మోచేతిని వదిలేసింది. ఆమె లేచి నిలబడింది.

"నేనే చెప్తా సారూ. కానీ గిట్ల మొగోళ్ల ముందట కాదు. బస్సుల చెప్తా. ఆ దినం ఎట్ల ఒర్లిన్నో అట్ల ఒర్లి చెప్తా, మీరు వినుండ్రి."

మున్షీ అభ్యంతరం చెప్పాడు. ఆఫీసరు కొంచెం ఆలోచించి లేచాడు. తోక బస్సు షెడ్డులోనే ఉంది. వేరే డిపో నుంచి ఆ పొద్దునే వచ్చిన నాసర్ అనే డ్రైవరును పిలిచి సీట్లో కూర్చోబెట్టారు. అతనికి సంగతేమీ చెప్పలేదు. ఇంజను నడుపుతూ ఉండు, వెనక నుంచి ఏం చెబితే అది చేయి అన్నాడు ఆఫీసరు. ఆయనా మున్షీ ముందు బస్సులో నిలబడ్డారు. చిన్నమ్మా నేనూ తోకలో ఎక్కాం.

చిన్నమ్మ బల్ల మీద కూర్చుంది. నోరు తెరిచింది, మూసింది.

"ఒర్లొస్తలేదే బానో. ఎవరిని చూసి ఒర్లాలె? రోసి లేకపాయె."

అవతల ఇంజను గుర్రుమంటోంది. నేను లేచి వెనక తలుపు దగ్గరికి వెళ్లాను. మెట్టు మీద ఒక కాలు ఉంచి, ఒక కాలు కిందికి దించాను. ఊచను గట్టిగా పట్టుకున్నాను. వెనక్కి తిరిగి చిన్నమ్మను చూశాను. ఆమె ముసుగు పైకి తీసింది. నా కాలు చూసింది, నేల చూసింది.

"ఆగే! ఆగే బానో!"

బస్సు కదిలింది. నేను ఊచకు వేలాడుతూ నాలుగు గజాలు పోయాను. నా చెప్పు ఒకటి కింద పడిపోయింది. ముందు నుంచి ఆఫీసరు "ఆపవయ్యా, ఆపు!" అని అరవడం వినిపించింది.

నాసర్ తిత్తిలోంచి తల పెట్టి చూశాడు. "ఏమైంది సాబ్? ఆగే అన్నరు, కదిలించిన."

"ఆగే అంటే ఆగమని కదయ్యా!" అన్నాడు ఆఫీసరు.

"జీ నహీ సాబ్. ఆగే అంటే ముందటికి పో," అన్నాడు మున్షీ.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆఫీసరు తనలో తను "ఆగే" అని ఒకసారి అనుకున్నాడు. మళ్లీ ఇంకోలా అనుకున్నాడు. "మీ ఇద్దరూ ఈ ముక్క ముందే చెబితే పోయేది కదా," అన్నాడు. ఆయన ఎవరిద్దరిని అన్నాడో నాకు తెలియలేదు. షెడ్డు గుమ్మంలో షంషీర్ నిలబడి ఉన్నాడు. అతను నా చెప్పు తీసి మెట్టు మీద పెట్టి, మావైపు చూడకుండా పక్కకు జరిగాడు.

షంషీర్ ఉద్యోగం నిలిచింది. కండక్టరు మాట లేకుండా బండి కదిలించినందుకు అతన్ని, తలుపు చూడకుండా కప్పు ఎక్కినందుకు యేసుదాసును మందలించారు. తోకలో ఒక బోర్డు పెట్టారు, తెలుగులోనూ ఉర్దూలోనూ. కండక్టరు చెప్పే రైట్, హోల్డాన్ తప్ప ఇంకెవరి మాట మీదా బండి నడవదని దాని మీద ఉంది.

గల్లీలో చిన్నమ్మ అనుకున్నట్టే జరిగింది. సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. ఖుర్షీదా బేగం గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేయి పెట్టుకుని, "క్యా హజీరా, ఉర్దూ నై ఆతీ తుమ్‌కూ?" అంది. చిన్నమ్మ బియ్యం చేటలోంచి తల ఎత్తలేదు. "రాదు. నాకు తెలుగే వస్తది," అంది. ఖుర్షీదా బేగం ఇంకా ఏదో అనబోయి, చిన్నమ్మ ముఖం చూసి, అరుగు మీద కూర్చుని తనూ చేటలోంచి రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

ఖుర్షీదా బేగం బోర్డును లెక్కచేయలేదు. ఆవిడ ఇంగ్లీషు మాట అనదట. ఎప్పటిలాగే తలుపు పడ్డాక గాలిలోకి "ఆగే" అనేది. షంషీర్ మాత్రం మారాడు. రైట్ విన్నా, ఆగే విన్నా, ఇంజను నడుస్తుండగా బ్రేకు బిగించి కిందికి దిగేవాడు. బస్సు పక్కనుంచి తోక చివరిదాకా నడిచి వచ్చేవాడు. లోపలి ఆడవాళ్లకు తను కనబడకుండా ఒక పక్కగా నిలబడి, మెట్టు మీద ఎవరి కాలూ లేదని, తలుపుకు ఎవరి కొంగూ చిక్కుకోలేదని చూసుకుని, మళ్లీ ముందుకు నడిచి వెళ్లి బండి ఎక్కేవాడు. ప్రతి స్టాపులోనూ అంతే. ముందు బస్సులో మగవాళ్లు ఆఫీసులకు ఆలస్యమైపోతోందని తిట్టేవాళ్లు. అతను తర్వాతి స్టాపులో మళ్లీ దిగేవాడు.